ఫైల్ పేరుకు ముందు తేదీ పెట్టి చూడండి

మా హనుమకొండ నెట్ సెంటర్‌లో పట్టా పాసుపుస్తకాలు, కుల ధ్రువపత్రాలు స్కాన్ చేసి చేసి ఫోల్డర్ నిండిపోతుంది. "అన్నా, మొన్నటిది ఇంకో ప్రింట్ తియ్యవా" అని ఎవరన్నా వస్తే, స్కాన్0047 లాంటి పేర్లలో అది దొరకడమే కష్టం.

ఇప్పుడు పేరు ముందు సంవత్సరం, నెల, రోజు ఇదే వరుసలో పెడుతున్నా: 2025-03-07-పరకాల-పాసుపుస్తకం. నెల, రోజు రెండంకెల్లోనే రాయండి. రోజు ముందు రాస్తే అన్ని నెలల ఏడో తారీఖులు ఒకచోట చేరతాయి. పేరు ప్రకారం సార్ట్ చేస్తే చాలు, పాతవాటి నుంచి కొత్తవాటి దాకా వరుసగా వస్తాయి. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసినా ఆ వరుస చెదరదు, నాకు బాగా నచ్చింది ఇదే. అంకెల మధ్య అడ్డగీతే వాడాలి, ఏటవాలు గీతను విండోస్ ఒప్పుకోదు.

ఎక్సెల్ షీట్‌లో లింక్ ఇచ్చిన పాత ఫైళ్ల పేర్లు మాత్రం మార్చకండి, ఆ లింకులు పనిచేయవు.