తేలిక ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్ కొనేముందు ఒకసారి చేత్తో ఎత్తి చూడండి

మేం ఉండేది ఆర్కన్సా రాష్ట్రంలో, బెంటన్‌విల్‌లో. వాల్‌మార్ట్ హెడాఫీసు ఉన్న ఊరు కాబట్టి తెలుగువాళ్లకి కొదవ లేదు. చుట్టూ అడవిలో సైకిల్ ట్రైల్స్‌కీ కొదవ లేదు. గుడిలోనో పుట్టినరోజు ఫంక్షన్లోనో కలిసినవాళ్లు తరచూ అడుగుతుంటారు: "అక్కా, లైట్ వెయిట్ ఈ-బైక్ తీసుకుందామనుకుంటున్నాం, ఏది మంచిది?" దానికి జవాబు చెప్పేముందు నేను వాళ్లని అడిగే ప్రశ్నలే ఇక్కడ రాస్తున్నాను.

రెండేళ్ల కిందట గాలివాన వెలిసిన మర్నాడు, అద్దెకు తీసుకున్న ఫుల్ పవర్ బైక్ (పెద్ద మోటారు, పెద్ద బ్యాటరీ ఉన్న రకం) మీద స్లాటర్ పెన్ ట్రైల్‌కి వెళ్లాను. మిట్టలన్నీ హాయిగా ఎక్కేశాను. లోపల ఒక మలుపు దగ్గర నడుమెత్తున చెట్టు అడ్డంగా పడి ఉంది. బైక్ 24 కిలోలు, నేను 58. ముందు చక్రాన్ని మాను మీదికి చేర్చాను గానీ వెనక భాగం లేవలేదు. హ్యాండిల్ పక్కకి తిరిగిపోయి, పెడల్ పళ్లు పిక్కకి గీరుకున్నాయి. అటుగా వచ్చిన ఇద్దరు స్కూలు పిల్లలు దాటించి పెట్టారు. ఊళ్లో పాతిక కిలోల బియ్యం బస్తా ఎత్తడం తలుచుకోండి. బస్తా అయినా ఒంటికి ఆనుకుని ఉంటుంది, సైకిల్ అలా కుదురుగా ఉండదు.

ఫుల్ పవర్ రకాలు మామూలుగా 22 నుంచి 25 కిలోలు ఉంటాయి. తేలికవి 16 నుంచి 19 దాకా. మోటారునీ బ్యాటరీనీ చిన్నవి చేయడం వల్లే ఆ బరువు తగ్గింది. ట్రెక్ కంపెనీ తేలిక బైక్ ఫ్యూయల్ ఈఎక్స్‌ఈలో ఉండే టీక్యూ మోటార్ టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, 50 న్యూటన్ మీటర్లు; బ్యాటరీలో పట్టే శక్తి 360 వాట్ అవర్లు. ఫుల్ పవర్ వాటిలో టార్క్ 85, 90 దాకా, బ్యాటరీ 600 పైన ఉండటం మామూలు. ఈ మధ్య ఈ గీత కూడా చెరిగిపోతోంది. 2024లో డ్రోన్ల కంపెనీ డీజేఐ తెచ్చిన అవినాక్స్ మోటార్ 105 న్యూటన్ మీటర్లు ఇస్తూ రెండున్నర కిలోల బరువే ఉంది. కాబట్టి పేరు చూసి కాకుండా కాటా మీద ఎంత తూగుతుందో చూసి మాట్లాడుకోండి.

చాలామంది పొరబడేది ఒక విషయంలో. తేలిక బైక్ అయితే మిట్ట సులువుగా ఎక్కుతుందని కొంటారు. ఒకసారి లెక్క వేసి చూద్దాం. నేనూ, నా సామానూ, 18 కిలోల బైకూ కలిపి 80 కిలోలనుకోండి. 300 మీటర్ల ఎత్తు ఎక్కడానికి కావలసిన శక్తి దాదాపు 65 వాట్ అవర్లు. టైర్ల రాపిడి, మోటారులో పోయేది దీనికి అదనం. అదే 24 కిలోల బైక్ అయితే ఎక్కువయ్యేది 5 వాట్ అవర్లు మాత్రమే. మోటారు ఉన్నప్పుడు మిట్ట మీద ఆ ఆరు కిలోలు తెలియవు. తెలిసేది దిగేటప్పుడు: రాయి ఎదురైతే ముందు చక్రం లేపాలన్నా, వరుస మలుపుల్లో బైక్‌ని ఇటూ అటూ వాల్చాలన్నా, తడి ఆకుల మీద బ్రేక్ వేసి ఆపాలన్నా. మనిషి ఎంత తేలికైతే ఈ తేడా అంత పెద్దది. తొంభై కిలోల మనిషికి 24 కిలోల బైక్ ఒక లెక్క, నాకు ఒక లెక్క.

అందుకే నా మొదటి ప్రశ్న: మీకు ఎక్కడం ఇష్టమా, దిగడం ఇష్టమా? కష్టపడకుండా వీలైనన్ని సార్లు పైకి చేరాలనుకుంటే మొహమాటం లేకుండా ఫుల్ పవర్ తీసుకోండి. మామూలు సైకిల్ నడిపిన చేతులై, ఆ చురుకుదనం పోకూడదనుకుంటే తేలికది.

రెండో ప్రశ్న: ఎవరితో వెళ్తారు? నా జట్టులో ముగ్గురు మోటారు లేని సైకిళ్ల వాళ్లు. వాళ్లతో నా తేలిక బైక్ సరిగ్గా జోడు కుదిరింది. జట్టంతా ఫుల్ పవర్ అయితే మాత్రం ప్రతి మిట్ట మీదా మీరే వెనకబడతారు, అందుకోలేక బ్యాటరీ ముందే ఖాళీ చేసుకుంటారు.

మూడోది ఇల్లు. మీరు పై అంతస్తు అపార్ట్‌మెంట్‌లో ఉంటే బ్యాటరీ విడిగా బయటికి వస్తుందో లేదో ముందే కనుక్కోండి. స్పెషలైజ్డ్ కంపెనీ తేలిక బైక్ లెవో ఎస్‌ఎల్ మొదటి రెండు తరాల్లోనూ 320 వాట్ అవర్ల బ్యాటరీ ఫ్రేమ్ లోపలే ఉండిపోతుంది. ఛార్జింగ్ కోసం రోజూ బైక్‌నే మెట్లెక్కించాలి. ఫ్యూయల్ ఈఎక్స్‌ఈలో తీసి పట్టుకెళ్లొచ్చు. ఇంట్లో ఛార్జ్ పెట్టేది కాబట్టి యూఎల్ 2849 సర్టిఫికేషన్ (ఈ-బైక్ బ్యాటరీ, మోటారు, ఛార్జర్ల భద్రతకి ఇచ్చేది) ఉందో లేదో తప్పకుండా అడగండి. ఇది నేను రాజీ పడని విషయం. దూరం చాలదని టెన్షన్ ఉంటే, నీళ్ల సీసా చోట బిగించే రేంజ్ ఎక్స్‌టెండర్ అనే అదనపు బ్యాటరీ దొరుకుతుంది. ఆ రెండు బైకులకీ వచ్చేది 160 వాట్ అవర్లది. నేను శనివారం పెద్ద రైడ్‌కి మాత్రమే తగిలిస్తాను.

మోటారు స్వభావం మీ కాళ్లకి సరిపడాలి. బాష్ ఎస్‌ఎక్స్ లాంటి మోటారు పెడల్ వేగంగా తిప్పేవాళ్లకే పూర్తి బలం ఇస్తుంది. బరువు గేర్‌లో నెమ్మదిగా తొక్కే అలవాటున్నవాళ్లు దాని మీద "ఇంతేనా?" అనుకుంటారు. టీక్యూ మోటారు చప్పుడు దాదాపు వినపడదు. అడవిలో పిట్టల అరుపులు వినాలనుకునే నాకు అది చాలా పెద్ద విషయం.

బ్రోషర్‌లో రాసిన బరువుని అలాగే నమ్మకండి. చాలాసార్లు అది పెడల్స్ లేకుండా, మీడియం సైజుకి చెప్పింది. ఇంకో కిటుకు టైర్లు. బరువు తక్కువ చూపించడానికి పల్చటి టైర్లు వేసి పంపుతారు. మా ఓజార్క్ కొండల్లో దారి పొడవునా చెకుముకి రాళ్లు. పగిలిన అంచు కత్తిపీటలా ఉంటుంది. కొన్న మూడో వారంలోనే నా వెనక టైరు పక్క గోడ బొటనవేలు దూరేంత చీలింది. చిన్న చిల్లులు పూడ్చడానికి లోపల పోసే సీలెంట్ తెల్లటి పాలలా కారిపోయింది. మందం టైర్లు మార్పించాను. రెండూ కలిపి ముప్పావు కిలో పెరిగింది, ఆ బరువు విషయంలో నాకు ఏ బాధా లేదు. సస్పెన్షన్ సంగతి తేలిక: మా లాంటి దారులకి అది 130 నుంచి 150 మిల్లీమీటర్లు లోపలికి కదిలితే చాలు.

టెస్ట్ రైడ్‌కి వెళ్తే పార్కింగ్ లాట్‌లో రెండు చుట్లు తిరిగి వచ్చేయకండి. మోటారు పూర్తిగా ఆపేసి పదిహేను నిమిషాలు తొక్కండి, బ్యాటరీ అయిపోయిన రోజు మీ పరిస్థితి అదే. తర్వాత ఒక రాతి మెట్టు దగ్గర ముందు చక్రం లేపి చూడండి. చివరగా షాపు అబ్బాయి సాయం తీసుకోకుండా బైక్‌ని మీరే కారు ర్యాక్ మీద పెట్టి, మీరే దించండి. ర్యాక్ మీద ఒక్కో సైకిల్‌కి ఎన్ని పౌండ్లు పరిమితి అని రాసి ఉందో కూడా అప్పుడే చదివేయండి.