కొత్త డాక్టరు దగ్గరికి షుగర్, బీపీ చెకప్‌కు వెళ్లే ముందు జాగ్రత్తలు

పాత చీటీ ఒక్కటే చాలదు. వాడుతున్న మందుల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకోండి: నొప్పి మాత్రలు, విటమిన్లు, ఆయుర్వేద మందులతో సహా. “పొద్దున ఒక తెల్ల మాత్ర” అంటే కొత్త డాక్టరుకు ఏమీ తెలియదు. పేరు, మిల్లీగ్రాములు కనబడే ముక్క కావాలి. ఏ మందు పడదో, వేసుకుంటే ఏమైందో (దద్దుర్లా, ఆయాసమా) కాగితం మీద రాసి, అడగకపోయినా ముందే చూపించండి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే.

ఫాస్టింగ్ షుగర్‌కు 8 నుంచి 12 గంటలు ఏమీ తినకూడదు. మంచినీళ్లు తాగొచ్చు. చక్కెర లేని టీ కూడా వద్దు.

- షుగర్ మాత్ర, పొద్దుటి ఇన్సులిన్: రక్తం ఇచ్చాక, టిఫిన్ వేళకే. ఖాళీ కడుపున తీసుకుంటే షుగర్ పడిపోవచ్చు. రాత్రి ఇన్సులిన్ సంగతి ముందే ఫోన్ చేసి అడగండి.
- బీపీ మాత్ర: డాక్టరు వద్దంటే తప్ప మానొద్దు. మానితే రీడింగ్ ఎక్కువ చూపి, అనవసరంగా డోసు పెరగొచ్చు.
- థైరాయిడ్ టెస్టు ఉంటే ఆ మాత్ర రక్తం ఇచ్చాకే. జుట్టుకని వాడే బయోటిన్ 2 రోజుల ముందే ఆపాలి, లేకపోతే ఫలితం తప్పుగా రావచ్చు.
- తిన్నాక చేసే టెస్టుకు 2 గంటలు మొదటి ముద్ద నుంచి లెక్క.

బీపీ చూసే ముందు అరగంట కాఫీ, సిగరెట్ వద్దు. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, కాళ్లు నేలకు ఆనించి 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. బీపీ మిషన్ పట్టీని చొక్కా మీదుగా కట్టనివ్వకండి, నేరుగా చేతికే కట్టించుకోండి.

క్యూలో చెమటలు, వణుకు వస్తే షుగర్ పడిపోయి ఉండొచ్చు; టెస్టు సంగతి వదిలేసి వెంటనే 3 చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి, నర్సుకు చెప్పండి.