ఐసు మీద కాలు పెట్టే ముందు, అల్లుడూ

నంద్యాల నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. జనవరిలో అమెరికాలోని మిషిగన్ పోతున్నాడంట, గడ్డకట్టిన నదిలో స్టీల్‌హెడ్ చేపను ఎలా పట్టాలో చెప్పు మామా అన్నాడు. అక్కడ మా అమ్మాయి దగ్గర రెండు చలికాలాలు ఉన్నప్పుడు మస్కీగన్ నది కింది భాగంలో నేను నేర్చుకున్నది వాడి కోసం రాసి పెడుతున్నాను. ఇక్కడి నుంచి పోయే పిల్లలు ఇంకెవరికైనా పనికొస్తే సంతోషం.

అల్లుడూ, ముందు మన తుంగభద్రను గుర్తు తెచ్చుకో. కర్నూలు దగ్గర నీళ్లు మోకాలి లోతే అనిపిస్తాయి, ఇంకో రెండు అడుగులు వేస్తే ఇసుక తోడిన గుంత ఉంటుంది. అందుకే మీ తాత కర్ర లేకుండా మమ్మల్ని ఏట్లోకి దిగనిచ్చేవాడు కాదు. ముందు కర్ర, తర్వాత కాలు. అక్కడా అదే పద్ధతి. కర్రకు బదులు చేతిలో గడ్డపార ఉండాలి.

చెరువు ఐసు వేరు, నది ఐసు వేరు. చెరువు మీద గాజులా తేటగా ఉన్న కొత్త ఐసు కనీసం 4 అంగుళాలుంటే మనిషి నడవొచ్చంటారు. నదికి ఆ కొలత చాలదు. పైన గడ్డకట్టినా కింద నీళ్లు పారుతూ ఐసును అడుగు నుంచి కొరికేస్తుంటాయి. వంపులో వడి తగిలే ఒడ్డు, వంతెన స్తంభాల చుట్టుపక్కల, వాగు వచ్చి కలిసే చోటు, వీటి జోలికి పోవద్దు. పైన ఆనకట్ట ఉండి నీళ్లు తగ్గిస్తే ఐసు కింద బోలుగా అయిపోతుంది. తెల్లగా పాలిపోయిన ఐసుకు తేట ఐసులో సగమే బలం. గట్టిగా కనిపించే చోట కూడా ప్రతి రెండడుగులకూ గడ్డపారతో రెండు దెబ్బలు వేసి చూడు. ఒకసారి నాకు బాగా మందంగా ఉన్న ఐసు నుంచి పదడుగులు పోయేసరికి గడ్డపార ఒక్క పోటుకే నీళ్లలోకి దిగింది. పక్కన చిన్న వాగు కలుస్తోంది, పైన మంచు కప్పి ఉండటంతో కనబడలేదు. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వచ్చేశాను. ఆ రోజు చేప పట్టలేదు.

ఒంటరిగా మాత్రం పోవద్దు. కోటు కింద లైఫ్ జాకెట్, మెడలో మేకు బిగించిన పిడులు రెండు, తోడు వచ్చినవాడి దగ్గర తాడు ఉండాలి. పడిపోతే మొదటి నిమిషం ఊపిరి ఎగబీలుస్తుంది, అప్పుడు తల పైకి పెట్టి ఊపిరి కుదురుకునే దాకా ఆగు. చేతులు కాళ్లు మాట వినేది సుమారు 10 నిమిషాలే. వచ్చిన వైపుకే తిరిగి, మేకులు ఐసులో గుచ్చి, ఈత కొట్టినట్టు కాళ్లు ఆడిస్తూ పైకి రా. వచ్చాక లేచి నిలబడకు, దొర్లుకుంటూ దూరంగా పో. తోడున్నవాడు అంచు దగ్గరికి రాకూడదు, దూరం నుంచే తాడు విసరాలి.

ఇక చేప. స్టీల్‌హెడ్ అంటే సముద్రంలోనో పెద్ద సరస్సులోనో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదిలోకి వచ్చే రెయిన్‌బో ట్రౌట్. దాని సొంత ఊరు పసిఫిక్ తీరం, మిషిగన్‌లో 1876లో వదిలారు. కొన్ని శరత్కాలంలోనే నదిలోకి ఎక్కి, వసంతం దాకా లోతైన నిదానపు మడుగుల్లో గడుపుతాయి. మన వాలుగ మడుగు అడుగున పడి ఉండటం చూశావుగా, అట్లాంటి చోట్లే వెతుకు. నీళ్ల చలి సున్నా డిగ్రీలకు దగ్గరగా ఉంటే అది ఎర కోసం ఎక్కువ దూరం కదలదు. నువ్వే దాని నోటి దగ్గరికి తీసుకుపోవాలి.

వడ్రంగి బర్మాలా ఐసును తొలిచే ఆగర్‌తో 8 నుంచి 10 అంగుళాల వెడల్పున రంధ్రం చెయ్యి. చిన్నదైతే చేప తల పట్టదు. మడుగు పొడవునా నాలుగైదు వేసి, ఒకదాంట్లో అరగంట చూసి ఇంకోదానికి మారు. రంధ్రంలో తేలే ఐసు ముక్కలను చిల్లుల గరిటెతో తీసెయ్యి. 6 లేదా 8 పౌండ్ల బరువు ఆపే ఫ్లోరోకార్బన్ దారం, చిన్న గాలం, వలగుడ్డలో కట్టిన బఠాణీ గింజంత చేప గుడ్ల మూట, అడుగుకు దింపేందుకు సరిపడా సీసం. ఎర అడుగు నుంచి జానెడు పైన ఉండాలి. తెల్లవారుజామున, పొద్దు గూకేటప్పుడు బాగా పడతాయి.

కొరుకుడు చాలా మెత్తగా ఉంటుంది, జెల్ల లాగినట్టు ఉండదు. తగిలిందా, ఐసు కింద ఒక్కసారిగా పరుగు తీస్తుంది. దారాన్ని గట్టిగా పట్టుకోకు, రీల్ డ్రాగ్, అంటే దారం జారనిచ్చే బిగింపు, వదులుగా ఉంచు. ఐసు అంచుకు రాసుకుంటే దారం తెగుతుంది కాబట్టి గాలం కర్ర కొనను రంధ్రంలోకి ముంచి పెట్టు. అలిసిపోయి తల రంధ్రంలోకి వచ్చాకే పైకి తియ్యి, పక్కకు తిరిగి ఉంటే మళ్లీ వదులు. వెనక్కి వదిలేటట్టయితే ఐసు మీద పడేయకు, ఆ చలికి కళ్లు, మొప్పలు గడ్డకడతాయి.

లైసెన్స్ తప్పనిసరి. నదిలో ఏ భాగం ఏ నెలల్లో మూస్తారో, ఎన్ని ఉంచుకోవచ్చో ఆ ఏడాది నిబంధనల పుస్తకంలో చూసుకో. వండుకునేటట్టయితే ఆ నది చేప ఎంత తినొచ్చో కూడా చూడు, ఆరోగ్య శాఖ సూచనలు ఉంటాయి. మా అమ్మాయి చింతపండు పులుసు పెట్టింది. ఆ చేపకు కొవ్వు ఎక్కువ, నూనె సగం చాలు. ముక్కలు వేశాక గరిటె పెట్టకుండా గిన్నెను తిప్పు.