పల్లెకు బడి తెచ్చుకోవాలంటే యువజన సంఘం ఏం చేయాలి?

చిత్తూరు వైపు ఏ పల్లెలో చూసినా జాతరకు సీరియల్ లైట్లు కట్టే కుర్రాళ్లు పదిమంది ఉంటారు. బడి తేవడానికీ ఆ పదిమందే చాలు. కాకపోతే చాలామంది ముందే అర్జీ పట్టుకుని కలెక్టరాఫీసుకు పోతారు. అర్జీ చివరి పని.

మొదట దారికడ్డం పెరిగిన కంప కొట్టండి, బోరు దగ్గర మురుగు తీయండి. ఊరికి నమ్మకం కుదిరాక గంగమ్మ గుడి అరుగు మీదే సాయంత్రం చదువు మొదలుపెట్టండి. పాలు పోసే వేళకు పెడితే సగంమంది పిలకాయలు క్యాన్లు పట్టుకుని పాలకేంద్రం దగ్గరుంటారు. ఏడుకు పెట్టి ఎనిమిదిన్నరకు వదిలేయండి, పొద్దుపోతే ఆడపిల్లల్ని పంపరు. చెప్పేవాళ్లు వంతులు వేసుకోవాలి. లేదంటే నెల తిరక్కముందే భారమంతా ఒక్కడి మీద పడుతుంది, వాడూ మానేస్తాడు. దానికి బడి అని బోర్డు మాత్రం కట్టొద్దు. గుర్తింపు లేకుండా బడి నడిపితే చట్టం లక్ష రూపాయల దాకా జరిమానా వేస్తుంది.

అన్నిటికన్నా విలువైనది హాజరు పట్టీ. పేరు, వయసు, ఏ బడికి పోతున్నారు, ఎంత దూరం, ఎప్పుడు మానేశారు, ఎందుకు: అన్నీ రాయండి. వంక పారితే రాలేదనీ, చెనక్కాయలు పీకడానికి పోయిందనీ ఉన్నదున్నట్టే రాయండి. అధికారి ముందు ఉపన్యాసం కన్నా ఈ పుస్తకమే గట్టిగా మాట్లాడుతుంది.

ఇక దూరం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. కేంద్ర నిబంధనల ప్రకారం ఐదో తరగతి దాకా కిలోమీటరు నడకలో, ఎనిమిది దాకా 3 కిలోమీటర్లలో బడి ఉండాలి. పిల్లలు నడిచే దారినే కొలవండి.

సంఘాన్ని 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేయించండి, ఏడుగురుంటే చాలు. స్థలం ఇస్తానన్న పెద్దాయన మాట మంచిదే, కానీ దానపత్రం రిజిస్టర్ కావాలి. ఆయన తర్వాత కొడుకులు ఏమంటారో ఎవరికెరుక!

అప్పుడు గ్రామసభ తీర్మానం, పట్టీ నకలు జతచేసి ఎంఈవోకు (మండల విద్యాధికారికి) ఇవ్వండి. కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. 2022 ఏప్రిల్‌లో జిల్లా విడిపోయింది గనక శ్రీకాళహస్తి వాళ్లు తిరుపతి కలెక్టరేట్‌కు పోవాలి; పలమనేరు, కుప్పం వాళ్లు చిత్తూరుకే పోవాలి.

ప్రభుత్వ బడి వచ్చాక యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం ఆడవాళ్లు. పెళ్లికాని కుర్రాళ్లకు అందులో చోటు కష్టమే గనక, ఏ తల్లులు నిలబడతారో ముందే మాట్లాడి పెట్టుకోండి.