టోర్నమెంట్‌కి బ్యాంకాక్ పోతే మ్యాచ్‌ల మధ్యలో ఏం చూడాల, ఎట్లా చూడాల: తిరుపతి, చిత్తూరు పేరెంట్స్ కోసం

మా పాప బ్యాడ్మింటన్ ఆడతాది. ఆ మధ్య ఒక టోర్నమెంట్ కోసం బ్యాంకాక్ పోయినాం, తిరుపతి నుంచి, చిత్తూరు నుంచి పిల్లోళ్ళు పేరెంట్స్ కలిపి తొమ్మిది మందిమి. వచ్చినప్పటి నుంచి కోర్టు దగ్గర ఎవరు కలిసినా అడిగేది ఒకటే, అన్నా ఆడ ఖాళీ టైంలో ఏం చేసినారు, పిల్లోళ్ళని యాడికి తీసకపోయినారు అని. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పే బదులు అంతా ఒకచోట రాసేస్తున్నా.

అన్నిటికంటే ముందు ఒకటి తీర్మానం చేసుకోండి. రోజుకి ఒక చోటు, ఒక్కటే, అది కూడా డ్రా (ఎవరితో ఎవరు ఆడాలో చెప్పే లిస్టు) రాకముందే ఈడ తిరుపతిలో కూర్చొని రాసి పెట్టుకోవాల. గెలిస్తే తీసకపోతా అని మాత్రం పిల్లోళ్ళకి చెప్పొద్దు. మాతో వచ్చిన పిల్లోళ్ళలో ఇద్దరు ఫస్ట్ రౌండ్‌లోనే ఓడిపోయినారు, అందులో ఒకబ్బాయి రూమ్‌లో దుప్పటి కప్పుకొని పడుకున్నాడు, సాయంత్రం పోవాల్సిన చోటికి వాడ్ని కూడా లేపి తీసకపోయినాం, పడవ ఎక్కినాక ఆ నది గాలికి వాడే మాట్లాడడం మొదలుపెట్టినాడు. ఓడిపోయినోడికి శిక్షలాగా ఊరు చూపియ్యకుండా ఉంచడం నాకు చానా తప్పనిపిస్తాది.

ప్రయాణం సంగతి తొందరగా చెప్పేస్తా. తిరుపతి నుంచి చెన్నై ఎయిర్‌పోర్ట్‌కి కారులో పోయే టైమూ, చెన్నై నుంచి బ్యాంకాక్ ఎగిరే టైమూ దాదాపు ఒకటే, మూడున్నర గంటలు. వీసా రూల్స్ మారుతా ఉంటాయి కాబట్టి టికెట్ బుక్ చేసేముందు ఎంబసీ సైట్ చూసుకోండి, పోయే మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాల, అది ఫ్రీ, డబ్బులు అడిగే సైట్ కనిపిస్తే మూసేయండి. ఆడ టైం మనకంటే గంటన్నర ముందు. చిన్న తేడానే అనిపిస్తాది గానీ పొద్దున ఎనిమిదికి మ్యాచ్ అంటే పిల్లోళ్ళ ఒంటికి అది ఆరున్నర, అందుకే కనీసం రెండు రోజులు ముందు చేరుకోండి.

రూమ్ మాత్రం స్కైట్రెయిన్ స్టేషన్‌కి నడిచిపోయే దూరంలో తీసుకోండి, దాన్ని బీటీఎస్ అంటారు, ఎక్కువగా భూమి కింద నడిచే మెట్రోని ఎంఆర్‌టీ అంటారు. బ్యాంకాక్ ట్రాఫిక్ చానా ఘోరంగా ఉంటాది, టాక్సీని నమ్ముకుంటే మ్యాచ్ టైంకి పోలేరు. మ్యాచ్‌లు ఊరి మధ్యలో నిమిబుత్ర్ స్టేడియంలో అయితే మీ అదృష్టం, పక్కనే నేషనల్ స్టేడియం స్టేషన్, ఎదురుగా ఎంబీకే మాల్. ఇంపాక్ట్ అరీనా వైపు అయితే ఊరికి దూరం. ఆ ఇంపాక్ట్ అరీనా పేరు మన పిల్లోళ్ళకి చెప్పండి, 2022 మే 15న మనోళ్ళు ఇండోనేషియాను 3-0తో కొట్టి మగవాళ్ళ టీమ్‌ల థామస్ కప్ మొదటిసారి గెలిచింది ఆడే, ఆఖరి పాయింట్ కొట్టింది మన గుంటూరు శ్రీకాంత్, డబుల్స్ మ్యాచ్ నిలబెట్టినోళ్ళలో మన అమలాపురం సాత్విక్ ఉన్నాడు.

మ్యాచ్ ముందురోజు సాయంత్రం కాళ్ళు అలిసిపోయే పని పెట్టుకోవద్దు. ఆ రోజుకి లుంఫినీ పార్క్ చాలు. చెరువు గట్టున ఉడుముల్లాంటివి, మన ఉడుముకంటే చానా పెద్దవి, మనుషుల మధ్యలోనే తిరుగుతా ఉంటాయి, ఏమీ అనవు, మీరూ ఏమీ అనొద్దు. సాయంత్రం ఆరుకి మైకులో జాతీయ గీతం వస్తాది, పరిగెత్తేవాళ్ళు, ఎక్సర్‌సైజ్ చేసేవాళ్ళు అందరూ యాడోళ్ళు ఆడ ఆగిపోతారు, మీరు కూడా ఆగి నిలబడండి. పొద్దున ఎనిమిదికి కూడా ఇట్లాగే. రాజుగారి గురించి గానీ ఆయన ఫొటో గురించి గానీ తమాషాకి కూడా ఒక్క మాట అనొద్దని టీనేజ్ పిల్లోళ్ళకి గట్టిగా చెప్పండి, ఆడ చట్టం చానా కఠినం, జైలే.

ఇంకొక తేలిక చోటు ఎరావాన్ గుడి, చిత్ లోమ్ స్టేషన్ దగ్గర, నేషనల్ స్టేడియం స్టేషన్ నుంచి రెండో స్టేషనే, సయామ్‌లో మారాల. 1956లో కట్టింది. నాలుగు ముఖాల బ్రహ్మదేవుడు, చుట్టూ పెద్ద పెద్ద మాల్స్, మధ్యలో బంతిపూల దండలు, అగరొత్తుల పొగ. బ్రహ్మకి మన దగ్గర గుళ్ళు ఎంత అరుదో మీకు తెలుసు, ఆడ మాత్రం ఆఫీసుకి పోయేవాళ్ళు కూడా బ్యాగు తగిలించుకొనే వచ్చి దండం పెట్టుకొని పోతారు. కోరిక తీరినోళ్ళు డబ్బులు కట్టి ఆడ ఉండే డాన్సర్లతో స్వామి ముందర నాట్యం చేయిస్తారు. అంటే మొక్కు తీర్చుకోవడమే కదా, మనోళ్ళు కొండకి నడిచొచ్చి తలనీలాలు ఇచ్చినట్టు. మా ఆవిడ అరగంట ఆ నాట్యమే చూస్తా నిలబడింది.

సగం రోజు ఖాళీ దొరికితే గ్రాండ్ ప్యాలెస్. పొద్దున ఎనిమిదిన్నరకి తెరుస్తారు, మూడున్నరకి టికెట్లు ఆపేస్తారు, విదేశీయులకి 500 బాత్. స్పోర్ట్స్ షార్ట్స్, స్లీవ్‌లెస్ వేసుకొని పోతే లోపలికి రానియ్యరు, పిల్లోళ్ళు మ్యాచ్ నుంచి నేరుగా వస్తారు కాబట్టి కిట్ బ్యాగులో ఒక ట్రాక్ ప్యాంటు పెట్టండి. గేటు దగ్గరికి పోకముందే ఎవరో ఒకరు నవ్వుతా వచ్చి, ఈరోజు ప్యాలెస్ మూసేసినారు, వేరే గుడి చూపిస్తా, టుక్‌టుక్ చవక అంటారు, ఆడ తేలేది నగల షాపులో. మాకూ ఒకాయన తగిలినాడు, చూసి పోతాంలే అని నేరుగా నడిచిపోయినాం, గేటు బార్లా తెరిచే ఉంది.

లోపల పచ్చ బుద్ధుడు ఉంటాడు, ఎమరాల్డ్ అంటారు గానీ జేడ్ రాయితో చేసింది. ఎండాకాలం, వానాకాలం, చలికాలం అని ఏడాదికి మూడుసార్లు రాజుగారే స్వయంగా ఆ బుద్ధుడికి వస్త్రాలు మారుస్తారంట. స్వామి అలంకారం చూసి పెరిగినోళ్ళం కదా, మనకి ఇది ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ గుడి చుట్టూ వసారాలో 178 బొమ్మలుగా రామాయణం మొత్తం గీసి ఉంది, ఆడ దాన్ని రామకియన్ అంటారు. గైడ్ వద్దు, పిల్లోళ్ళనే కథ చెప్పమనండి. రావణుడిని తొసకన్ అంటారు, అంటే దశకంఠుడే. తెల్లటి ఒంటితో కనిపించేది హనుమంతుడు. ఒక్కటి ముందే చెప్పండి, ఆడి కథలో హనుమంతుడు బ్రహ్మచారి కాదు, కొండ మీద జాపాలి ఆంజనేయుడి దగ్గరికి పోయి దండం పెట్టుకొనే మన పిల్లోళ్ళకి అది ఎక్కడో తగులుతాది, మా పాప అయితే చానాసేపు ఒప్పుకోలేదు. కథ ఊరూరికీ మారతాదని కూర్చోబెట్టి చెప్పడానికి అంతకంటే మంచి చోటు ఉండదు.

ఆ టికెట్‌లోనే ఖోన్ షో కూడా కలిసి ఉంటాది, సాలా చలెంక్రుంగ్ అనే థియేటర్‌లో, ఆ రోజు ఏ టైంకో కౌంటర్‌లోనే అడగండి, చానామంది తెలీక వదిలేస్తారు. మొహాలకి మాస్కులు పెట్టుకొని రామాయణం ఆడతారు, ఆడేవాళ్ళు మాట్లాడరు, పక్కన కూర్చున్నోళ్ళు పాట, మాట చెప్తారు. చిత్తూరు పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం జరిగేటప్పుడు తెల్లవార్లూ వీధినాటకం చూసినోళ్ళకి ఇది పరాయిగా ఉండదు. ఆ కిరీటాలు, ఆ భుజకీర్తులు, కోతి వేషం వచ్చినప్పుడు జనం నవ్వడం, అంతా మన ఊరే.

ప్యాలెస్ నుంచి నడిచిపోతే వాట్ ఫో, వాట్ అంటే గుడి. పడుకున్న బుద్ధుడు 46 మీటర్లు, పాదాల మీద ముత్యపు చిప్పతో 108 శుభ చిహ్నాలు పొదిగినారు. వెనక వరసగా 108 కంచు గిన్నెలు, ఒక్కోదాంట్లో ఒక్కో నాణెం వేస్తా పోవాల, ఆ టింగు టింగు శబ్దం పిల్లోళ్ళకి భలే నచ్చుతాది. ఆ పక్క రేవులో పడవ ఎక్కితే ఎదురు ఒడ్డున వాట్ అరుణ్, మన అరుణుడి పేరే. సాయంత్రం ఆ గోపురం మీద లైట్లు పడేటప్పుడు ఈ ఒడ్డునే కూర్చొని చూడండి.

తిరుపతోళ్ళు తప్పకుండా పోవాల్సింది ఇంకొకటి ఉంది, టూరిస్టులు ఫొటో దిగి పోతారే గానీ ఆగరు. జెయింట్ స్వింగ్ అని ఊరి నడిబొడ్డున పెద్ద ఎర్ర ఉయ్యాల స్తంభాలు. ఆ దగ్గర్లోనే దేవస్థాన్ అనే బ్రాహ్మణ గుడి, 1784లో మొదటి రామ రాజు కట్టించింది. అప్పట్లో ఆ ఉయ్యాల మీద మనుషులు ఎగిరెగిరి ఊగే పండగ జరిగేది, 1935 నుంచి ఉయ్యాల ఆపేసినారు గానీ గుడి లోపల పూజలు ఇప్పటికీ జరుగుతాయి. ఆ పండగ పేరు త్రియంపవాయ్, త్రిపవాయ్. ఒకసారి పైకి అని చూడండి. తిరువెంబావై, తిరుప్పావై! ధనుర్మాసంలో కొండ మీద సుప్రభాతం బదులు గోదమ్మ తిరుప్పావై వినిపిస్తాదే, ఆ పాశురాల పేరు వందల ఏళ్ళ కింద దక్షిణం నుంచి సముద్రం దాటి పోయి ఆడ రాజుగారి పురోహితుల నోట్లో నిలబడిపోయింది. నేను ఆ గుడి ముందర నిలబడి మా అమ్మకి వీడియో కాల్ చేసి ఈ మాట చెప్పినా, ఆమె ఫోన్‌కే దండం పెట్టింది.

రోజంతా ఖాళీ ఉంటే ఆయుత్తయ, అంటే అయోధ్య. బ్యాంకాక్‌కి పైన 80 కిలోమీటర్లు, రైల్లో గంటన్నర అటూ ఇటూ, ఆర్డినరీ రైలు టికెట్ మన ప్యాసింజర్ అంత చవక. నాలుగు వందల ఏళ్ళు రాజధానిగా ఉండి 1767లో బర్మా వాళ్ళు కాల్చేసిన ఊరు. ఆడ వాట్ మహాథాట్‌లో చెట్టు వేర్ల మధ్య బుద్ధుడి తల ఇరుక్కొని ఉంటాది, ఫొటో దిగాలంటే కింద కూర్చొని దిగాల, మన తల ఆ తలకంటే పైన ఉండకూడదు. పొద్దున్నే పోయి ఎండ ముదరకముందే తిరిగేయండి, మధ్యాహ్నం ఎండ మన మే నెలలాగే.

తిండి. మాలో సగం మంది శనివారం ముక్క ముట్టరు, ఇద్దరు ఎప్పుడూ ముట్టరు. ఆడ వెజిటేరియన్ అంటే చేప సాస్ వేసి ఇస్తారు, వాళ్ళ లెక్కలో అది ఉప్పులాంటిది. అందుకని "కిన్ జే" అనండి, పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలు ఉన్న బండి కనిపిస్తే ఆగండి, ఆ వంటలో మాంసం, చేప, గుడ్డు ఉండవు, వెల్లుల్లి ఉల్లి కూడా ఉండవు. మరీ ఇబ్బందైతే పాహురత్ అనే పేటలో గురుద్వారా ఉంది, లంగర్‌లో కడుపు నిండా పెడతారు. కారం గురించి మనకి బెంగ లేదు అనుకోవద్దు, ఆడి పచ్చిబొప్పాయి సలాడ్ కారం వేరే రకం, మ్యాచ్ ముందురోజు పిల్లోళ్ళకి "మై ఫెట్" అని చెప్పి కారం లేకుండా తీసివ్వండి, పచ్చివి, కొత్తవి మ్యాచ్‌లు అయినాకే. ఇంక మామిడిపండు, జిగురన్నం, పైన కొబ్బరిపాలు. చిత్తూరు తోటల్లో పుట్టి పెరిగినా, అన్నంలో మామిడిపండు పిసుక్కొని తినే నాకు అది మొదటి ముద్దకే ఇంటి తిండి అనిపించింది. వాళ్ళ పండు పొడుగ్గా సన్నగా పీచు లేకుండా ఉంటాది, మన బంగినపల్లి వాసన మాత్రం దానికి లేదు.

మసాజ్ గురించి అందరూ అడుగుతారు. అసలు థాయ్ మసాజ్ నూనె లేకుండా, గుడ్డలు వేసుకొనే, చాప మీద పడుకోబెట్టి చేస్తారు, వాట్ ఫోలో 1955 నుంచి నేర్పే బడి ఉంది, ఆడే చేయించుకోవచ్చు. బుద్ధుడి కాలం నాటి వైద్యుడు జీవకుడిని వాళ్ళు ఈ విద్యకి ఆదిగురువుగా కొలుస్తారు. కానీ మ్యాచ్‌కి ముందురోజు ఆ గట్టి నొక్కుడు వద్దే వద్దు, పొద్దునకి కండరాలు పట్టేసినట్టు ఉంటాయి. టోర్నమెంట్ అయిపోయినాక చేయించండి, నొప్పిగా ఉంటే "బావ్ బావ్" అనండి, మెల్లగా నొక్కుతారు.

ఆఖరి రాత్రికి రాజదమ్నెర్న్ స్టేడియంలో ముయే థాయ్, అంటే థాయ్ బాక్సింగ్. 1945 నుంచి నడుస్తున్న చోటు. ఫైట్‌కి ముందు ఆటగాళ్ళు గురువుకి దండం పెడతా రింగు చుట్టూ మెల్లగా ఒక నాట్యం చేస్తారు, దాన్ని వాయ్ ఖ్రూ అంటారు, ఖ్రూ అంటే గురువే. మోచేతి దెబ్బలకి రక్తం వస్తాది, చిన్నపిల్లోళ్ళని తీసకపోవద్దు, పదిహేను దాటినోళ్ళకి ఆ దండం పెట్టే తీరు చూపియ్యాల. ఆడ ఆటల్ని కీలా అంటారు, మన క్రీడ అనే మాటకి చుట్టమే.

వచ్చేరోజు సువర్ణభూమి ఎయిర్‌పోర్ట్‌కి మామూలుగా పోయే టైంకంటే ఇంకో గంట ముందే పోండి. ఇమ్మిగ్రేషన్ దాటినాక పెద్ద క్షీరసాగర మథనం బొమ్మ ఉంటాది, వాసుకిని ఒకవైపు దేవతలు, ఒకవైపు రాక్షసులు లాగుతా, మధ్యలో పైన విష్ణుమూర్తి. మా పిల్లోళ్ళు కిట్ బ్యాగులు కింద పెట్టి, గెలిచినోళ్ళు ఓడినోళ్ళు అని లేకుండా రెండు వరసలుగా నిలబడి తాడు లాగినట్టు ఫొటో దిగినారు, ఆ దుప్పటి కప్పుకొని పడుకున్న అబ్బాయి తోక పక్కన ఉన్నాడు.