ఒక డ్రాయింగ్ షీటు, ఒక దబ్బనం: స్కెచ్ బుక్ మనమే కుట్టుకుందాం

స్కెచ్ బుక్ షాపులో కొనుక్కోవచ్చు, తప్పేం లేదు. కానీ ఖరీదైన పుస్తకమైతే మొదటి పేజీ ముట్టుకోవాలన్నా టెన్షన్. చేత్తో కుట్టుకున్నదైతే కారం దోసె కోసం ఎదురుచూస్తూ కూడా తీసి గీసేస్తాం. అందుకే నా సంచిలో ఎప్పుడూ నేను కుట్టిందే ఉంటుంది.

ఇంపీరియల్ సైజు కార్ట్రిడ్జ్ షీటు, అంటే బొమ్మలు గీసే మందపాటి కాగితం, ఒకటి చాలు. 22 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు ఉంటుంది. 130 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క) లేదా అంతకు మించింది అడగండి. మామూలు నోటు పుస్తకం కాగితం పల్చన, ఇంకు వెనక్కి దిగిపోతుంది. షీటును చుట్టి ఇమ్మనండి, మడవనివ్వొద్దు.

కత్తిరించే ముందు కాగితం ఎటు వంగుతుందో చూడాలి. ఈ పని మాత్రం వదిలేయకండి. షీటును ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా మడత పడకుండా వంచి అరచేత్తో మెల్లగా నొక్కండి. ఒకవైపు మాట వింటుంది, ఇంకోవైపు మొండికేస్తుంది. మాట విన్నవైపే మడత రావాలి. లేదంటే మడత దగ్గర కాగితం చిట్లుతుంది, పుస్తకం సరిగా తెరుచుకోదు. ఆ మడత 30 అంగుళాల అంచు వెంబడి వస్తే 7.5 × 11 ముక్కలు ఎనిమిది కోయండి. 22 అంగుళాల అంచు వెంబడి వస్తే 5.5 × 15 ముక్కలు ఎనిమిది. ఈ రెండో రకంతో అడ్డంగా పొడుగు పుస్తకం వస్తుంది. మా కడప పక్కనున్న పాలకొండలు గీయడానికి నాకు అదే ఇష్టం.

ముక్కల పొడుగు వైపును సగానికి మడిచి ఒకదాంట్లో ఒకటి పెడితే 32 పేజీలు. పైన పెద్ద శుభలేఖ అట్ట. మడత మీద దబ్బనంతో మూడు రంధ్రాలు: నడుమ ఒకటి, పైనా కిందా అంచుకు అంగుళం దూరంలో ఒక్కోటి. దారానికి కొవ్వొత్తి రుద్ది, లోపలి నుంచి నడిమి రంధ్రంలో బయటికి తీయండి. పై రంధ్రంలోంచి లోపలికి, కింది రంధ్రంలోంచి బయటికి, మళ్లీ నడిమి దాంట్లోంచి లోపలికి. లోపలున్న పొడుగు దారానికి అటొక కొస, ఇటొక కొస ఉండేలా చూసి, ఆ దారాన్ని కూడా కలుపుకొని ముడేయండి. రాత్రంతా కడప బండ ముక్క కింద పెట్టండి. మా ఊళ్లో బరువుకు కొదవా!

ఇక వాడటం. వేసవిలో ఇక్కడ 40 డిగ్రీలు దాటుతుంది. నీటి రంగు పరుచుకునేలోపే ఆరిపోతుంది, అందుకే పొద్దున్నే వేయండి. అరచేయి కింద చిత్తుకాగితం పెట్టుకోండి, చెమట తగిలినచోట ఇంకు అలుక్కుపోతుంది.

గండికోటలో పెన్నా లోయ గోడను గీస్తూ కూర్చుంటే రాతి పొరలు ఒక్కొక్కటే కంటికి ఆనుతాయి. పై పొర సన్నగా, దాని కింద నీడపట్టిన చీలిక, ఆ కింద మందపాటి పలక. పెన్సిల్ గరగరమంటూ కదులుతుంటే దుమ్ము కూడా గీతలో కలుస్తుంది. ఫోన్లో ఫోటోలు ఎన్నున్నా, ఏ పొర కింద ఏది ఉందో నాకు గుర్తుండేది ఆ పేజీ వల్లే.

4బి లాంటి మెత్తటి పెన్సిల్‌తో గీస్తే పుస్తకానికి రబ్బరు బ్యాండు వేయండి. సంచిలో పేజీలు ఒకదానికొకటి రాసుకుంటే బొమ్మ మసకబారుతుంది.