బ్రహ్మదండి ఏదో గుర్తించడం ఎలా?

వరంగల్ చుట్టుపక్కల పొలం గట్ల మీదా, బీళ్ళలోనూ కనిపించే ముళ్ళ ఆకుల మొక్కను చాలామంది బ్రహ్మదండి అనేస్తారు. అయితే ఈ పేరుతో ఒకటికి మించి మొక్కలు చెలామణి అవుతున్నాయి కాబట్టి ముందు వాటిని విడదీసి చూడాలి.

చేతికి మందపాటి గుడ్డ చుట్టుకొని ఆకును తుంచండి. తెగినచోట పసుపు కలిపిన నీళ్ళలాంటి పాలు ఊరి, ఆకుల ఈనెల వెంట తెల్లని చారలు, కొమ్మ చివర పసుపు పూలు ఉంటే అది గసగసాల కుటుంబానికి చెందిన ఆర్జిమోన్ మెక్సికానా. గ్రీకులో 'ఆర్జిమా' అంటే కంటిపొర. ఆ జబ్బుకు వాడిన పాత మొక్క పేరే దీనికీ దక్కింది. పేరును నమ్మి ఆ పాలను కంట్లో మాత్రం వేసుకోకండి.

పాలు రాకుండా, ఆకు అడుగున తెల్లని నూగు, కొమ్మ చివర ముళ్ళ బంతిలాంటి పూగుత్తి ఉంటే అది ఎకినాప్స్. ఒళ్ళంతా ముళ్ళుండే హెడ్జ్‌హాగ్ అనే చిన్న జంతువుకు గ్రీకులో ఉన్న 'ఎకినోస్' అనే పేరు నుంచి ఇది వచ్చింది. ఇది పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందినది.

మొదటిదాన్ని, అంటే ఆర్జిమోన్‌ను, కాయలు ఎండి పగలకముందే వేరుతో పీకాలి. నల్లని దాని గింజలు ఆవాలను పోలి ఉంటాయి. 1998లో ఢిల్లీలో ఆ గింజల నూనె కలిసిన ఆవనూనె తిని పలువురు ఒళ్ళు వాచి చనిపోయారు.